మారుమనస్సు: ఒంగోలు ప్రాంతమున ఒక నూతనారంభము (1866–1878)

విషయప్రవేశము

1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, ఒంగోలునకు ఉత్తరముగా పది మైళ్ళ దూరమునందున్న వెల్లంపల్లికడ, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినముననే బాప్తిస్మము పొందిరి. అంతకు ముందునాడు 614 మందియు, మరునాడు 700 మందియు పొందిరి. మూడు దినముల మొత్తము 3,536. ఆ సంవత్సరము ముగియునప్పటికి ఒంగోలు సంఘమున క్రొత్తగా చేరినవారి సంఖ్య 9,606. వీరిలో అత్యధికులు మాదిగలు; చదువులేనివారు, భూమిలేనివారు, గ్రామమునకు వెలుపల నివసించువారు.

ఈ సంఘటనను గూర్చి రెండు వ్యాఖ్యానములు ప్రచారమునందున్నవి. మొదటిది కరవు వాదము. 1876 మొదలు 1878 వఱకు చెన్నపురి రాజధానిని పీడించిన మహాక్షామమున ఆకలికి తాళలేక వీరు మతము మార్చుకొనిరని దీని సారాంశము. రెండవది అద్భుత వాదము. అమెరికా దేశమునందలి భక్తుల ప్రార్థనలకు ఫలముగా ఇది ఆకస్మికముగా జరిగినదని దీని సారాంశము. ఈ రెండును పైకి పరస్పర విరుద్ధములుగా దోచును. కాని ఒక విషయమున రెండును ఏకీభవించుచున్నవి. నదిలో దిగిన మనుష్యులకు స్వంతమైన ఆలోచన యొకటి యుండెనని రెండును అంగీకరింపవు. మొదటి వాదమున వారిని కడుపు నడిపించినది. రెండవ వాదమున సముద్రమున కావలినుండి వచ్చిన ప్రార్థన నడిపించినది. వారు తమంతట తాము ఏమి యోచించిరి, దేనిని విడిచిరి, దేనిని చేపట్టిరి అను ప్రశ్న అట్లే నిలిచియున్నది.

ఈ వ్యాసమున ఆ ప్రశ్ననే పరిశీలింపదలచితిని. ఒంగోలు ఉద్యమము క్షామమునకు పది సంవత్సరములకు పూర్వమే, ఒక తెలుగు చర్మకారుని ఆధ్యాత్మికాన్వేషణతో, తెలుగునాట అంతకుముందే వేళ్ళూనియున్న గురుసంప్రదాయపు నేలపై మొలకెత్తినదనియు, క్షామము దానికి సందర్భమే గాని కారణము కాదనియు నా అభిప్రాయము.

ఆధారములు

ఈ చరిత్రకు ముఖ్యాధారములు రెండు. ఒకటి ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ (1836–1910) తన జీవితమును గూర్చి చెప్పగా, ఆయన మరణానంతరము 1914లో వెలువడిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్’ అను గ్రంథము. రెండవది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’. చెప్పులు కుట్టుచు వృద్ధులు చెప్పిన కథలని దీని పేరునకు భావము. ఆమె మాదిగ పెద్దలను, బోధకులను కూర్చుండబెట్టుకొని వారి జ్ఞాపకములను సేకరించినది. మౌఖిక చరిత్ర అను పేరు మన విశ్వవిద్యాలయములకు పరిచితము కాకపూర్వమే జరిగిన మౌఖిక చరిత్ర సేకరణ యిది.

ఈ గ్రంథముల పరిమితులను మఱువరాదు. రెండును మిషను దృష్టితో, ఆంగ్లమున, విదేశీయ పాఠకులకొఱకు వ్రాయబడినవి. మాట్లాడినవారి తెలుగు మనకు దక్కలేదు. ఐనను, తమ వాదమునకు అనుకూలింపని విషయములను గూడ ఈ గ్రంథకర్తలు దాచక వ్రాసిరి. పేరయ్య క్రైస్తవుడు కాకమునుపే ఒక గురువుకడ ఉపదేశము పొందినవాడని చెప్పుట అట్టి విషయములలో నొకటి. తన బోధయే సమస్తమునకు మూలమని చాటుకొనదలచిన మిషనరీ ఆ సంగతిని వ్రాయనవసరము లేదు. కావుననే అట్టి చోట్ల వీరి సాక్ష్యము విశ్వసనీయమని నేను భావించుచున్నాను.

ఒక పదము, దాని అర్థము

తెలుగు క్రైస్తవుల వాడుకలోని ఒక పదమును ముందుగా విచారింతము. గ్రీకు మూలమున ‘మెటనోయా’ అను శబ్దము గలదు. మనస్సు మార్చుకొనుట, ఆలోచనాదిశను త్రిప్పుకొనుట అని దాని అర్థము. దీనికి సంస్కృతమునుండి ‘పశ్చాత్తాపము’ అను పదము సిద్ధముగా నున్నది. ఐనను తెలుగు బైబిలు ‘మారుమనస్సు’ అను సమాసమును స్థిరపఱచినది.

ఈ రెండు పదముల నడుమ గల భేదము స్వల్పము కాదు. పశ్చాత్తాపము వెనుకకు చూచును. జరిగిపోయిన దానిని తలచి తపించుట అందలి ప్రధానార్థము. మారుమనస్సు ముందునకు చూచును. ‘మారు’ శబ్దమునకు తెలుగున రెండు ఛాయలు గలవు. మారుపేరు, మారువేషము అనునప్పుడు అది ‘వేఱొక’ అను నర్థము నిచ్చును. క్రియగా గ్రహించినచో ‘పరివర్తన చెందుట’ అను నర్థము నిచ్చును. కావున మారుమనస్సు అనగా వేఱొక మనస్సు, మారిన మనస్సు కూడ. ఇందు దుఃఖముకంటె నిర్ణయము ప్రధానము. ఒకడు ఏడ్చెనా లేదా అని ఈ పదము అడుగదు. అతని నడత మారినదా అని అడుగును.

బాప్తిస్మమను పదమును గూడ ఇట్లే గమనింపదగును. రోమన్ కతోలికులు జ్ఞానస్నానమను చక్కని సమాసమును వాడిరి. ప్రొటెస్టెంటులు గ్రీకు శబ్దమునే తెలుగు చేసికొని బాప్తిస్మమనిరి. బాప్టిస్టుల దృష్టిలో అది పసిబిడ్డలకు జరుపు సంస్కారము కాదు. తెలివి వచ్చినవాడు తన విశ్వాసమును తానై ప్రకటించి నీట మునిగి లేచుట. మునుగుట పాత బ్రదుకునకు మరణము. లేచుట క్రొత్త బ్రదుకునకు ఆరంభము. రెండవ జన్మ యనునది ఉపనయనార్హులకు మాత్రమే యని వినుచు పెరిగిన సమాజమున, ఉపనయనము లేనివారు క్రొత్త జన్మను గూర్చి మాటలాడ మొదలిడుట ఎంతటి సంచలనమో మనము ఊహింపవచ్చును.

పూర్వరంగము

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే రాకతో ఆరంభమైనది. 1840లో అది నెల్లూరునందు స్థిరపడినది. తరువాతి పది పదునైదేండ్ల ఫలితము అత్యల్పము. ఈ మిషనును మూసివేయుదమా అను ప్రశ్న అమెరికాలోని సంఘమువారు ఒకటికి రెండుమాఱులు చర్చించిరి. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సమావేశమున దీనిని ‘ఒంటరి నక్షత్రము’ అని ఒకరు పేర్కొనగా, శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ పేరుతో ఒక గేయము వ్రాసెను. మిషను నిలిచినది, ‘లోన్ స్టార్’ అను పేరు దానికి స్థిరపడినది.

1854 జనవరి 1వ తేదీ తెల్లవాఱుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, మఱి మువ్వురు కలిసి ఒంగోలునందలి ఒక కొండనెక్కి, ఈ ప్రాంతమునకు ఒక బోధకుని పంపుమని ప్రార్థించిరి. అద్భుత వాదమునకు ఈ కొండయే పునాది. కాని ఆ మువ్వురెవరో సాధారణముగా ఎవరును నొక్కి చెప్పరు. వారు క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు; మువ్వురును తెలుగు సంఘమువారే, వారిలో ఇద్దఱు స్త్రీలు. ఐదుగురిలో మువ్వురు తెలుగువారైన ఆ ప్రార్థనను విదేశీయ ప్రార్థన యని చెప్పుట లెక్కకు నిలువదు.

ప్రార్థనకు పిదప పండ్రెండేండ్ల కాలము గడచినది. క్లౌ దంపతులు 1865లో నెల్లూరు చేరి, 1866 సెప్టెంబరునందు ఒంగోలునకు వచ్చిరి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనమండుగురు సభ్యులతో ఏర్పడినది. ఇంతవఱకు ఇది తక్కిన మిషను కేంద్రముల కథకు భిన్నము కాదు. దానిని భిన్నముగా జేసినవాడు యెర్రగుంట్ల పేరయ్య.

యెర్రగుంట్ల పేరయ్య

పేరయ్య మాదిగ కులజుడు, తోళ్ళ వర్తకుడు. ఒంగోలునకు పడమటనున్న పల్లెసీమ అతని స్వస్థలము. అతడు రాజయోగమార్గమున ఉపదేశము పొందినవాడు. అతనికి ఉపదేశమిచ్చిన గురువు ఒక స్త్రీ. నిరాకారుడైన పరమాత్మను ధ్యానించుట, విగ్రహములయెడ ఉదాసీనత, శరీరమునందే సత్యమును వెదకుట ఈ మార్గమువారి లక్షణములు.

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఇది వింతగా దోచరాదు. పోతులూరి వీరబ్రహ్మముగారి కథలలో దూదేకుల సిద్ధయ్యయు, మాదిగ కక్కయ్యయు ప్రముఖ పాత్రలు. వేమన పేరున పల్లెపల్లెలను వ్యాపించిన పద్యములలో విగ్రహపూజా నిరసనమును, కులనిరసనమును గలవు. ఈ అచల, రాజయోగ సంప్రదాయములకు దేవాలయము అక్కఱలేదు, వేదాధికారము అక్కఱలేదు. గురువు, శిష్యుడు, రాత్రివేళ గుడిసెలో కూడిన చిన్న గుంపు చాలును. దేవాలయద్వారము మూయబడినవారికి ఇదియే తెఱచియున్న ద్వారము. ఎమ్మా క్లౌ సేకరించిన కథలలో ఇట్టి గురువుల ప్రస్తావన మరల మరల వచ్చుచున్నది. మాదిగపల్లెలు ఆధ్యాత్మిక విషయములందు ఏమియు వ్రాయని పలకలవంటివని తలచుట పొరపాటని ఆ గ్రంథమే నిరూపించుచున్నది.

పేరయ్య తోళ్ళు కొనుటకై ఉత్తర ప్రాంతములకు పోయినప్పుడు ఏలూరునందు చర్చి మిషనరీ సొసైటీకి చెందిన అలెగ్జాండరు బోధ వినెను. ఒంగోలునకు త్వరలో ఒక మిషనరీ రానున్నాడని అతనికి అక్కడనే తెలిసినది. 1866లో అతడును, అతని భార్య నాగమ్మయు ఒంగోలునకు వచ్చి జ్యూయెట్‌చే బాప్తిస్మము పొందిరి. క్రమము గమనింపుడు. మిషనరీ పేరయ్యను వెదకికొని పోలేదు. పేరయ్యయే మిషనరీని వెదకికొని వచ్చెను. వచ్చునప్పటికే అతడు వినవలసినది విని, యోచింపవలసినది యోచించి, నిర్ణయించుకొని యుండెను.

తన సీమకు తిరిగిపోయి అతడు బంధువులకును, తనతో రాజయోగమును సాధించినవారికిని బోధింపసాగెను. 1867 జనవరిలో క్లౌ ఆ ప్రాంతమునకు పోవునప్పటికి అనేక గ్రామములనుండి జనులు వచ్చి అతనికొఱకు వేచియుండిరి. ఆ పర్యటనలో 28 మంది బాప్తిస్మము పొందిరి. అప్పటికి క్లౌ ఒంగోలునకు వచ్చి నాలుగు నెలలు మాత్రమే యైనది. ఆయన తెలుగుకూడ అప్పుడప్పుడే పట్టుబడుచుండెను. ఆ ఇరువది యెనమండుగురికి విశ్వాసమును బోధించినవాడు పేరయ్యయే యనుట నిస్సందేహము.

అటుపై ఉద్యమము బంధుత్వపు దారులవెంబడి నడిచినది. వియ్యంకుని యూరికి, ఆడుబిడ్డ అత్తవారింటికి, తోళ్ళు కొను సంతకు, ఇట్లు వార్త ప్రాకినది. ఒంటరి మనిషి ఏకాంతమున మనస్సు మార్చుకొనుటయే నిజమైన పరివర్తనమని పాశ్చాత్య బాప్టిస్టుల విశ్వాసము. తెలుగుపల్లెలో కులపెద్దలు కూర్చుండి, రాత్రి పొద్దుపోవువఱకు తర్కించి, పల్లె మొత్తముగా నిర్ణయము చేయుట ఆచారము. ఈ ఆచారమునకు తలయొగ్గుట తప్పదని క్లౌ క్రమముగా గ్రహించెను. క్షామమునకు పూర్వమే, అనగా పది సంవత్సరముల లోపలనే, ఒంగోలు సంఘము ఎనమండుగురినుండి సుమారు మూడువేలకు పెరిగినది.

మూడు నియమములు

సంఘమున చేరగోరువారికి విధింపబడిన నియమములు మూడు. ఆదివారమున పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. చదువుటకు ఇవి స్వల్పములు. ఆనాటి గ్రామవ్యవస్థ తెలిసినవారికి వీని భారము తెలియును.

మాదిగలు గ్రామమునకు చేయవలసిన పనులు వంశపారంపర్యముగా నిర్ణీతములై యుండెను. మోటకు తోలుబాన, ఎడ్లకు తోలుపట్టెలు, రైతునకు చెప్పులు వారే సమకూర్పవలెను. అందులకు ప్రతిఫలము కళ్ళమున ఇచ్చు ధాన్యపు మేర, చచ్చిన పశువుపై హక్కు. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టుట, మాతంగియై ఆడుట వారి విధి. చాకిరికి కబురు వచ్చినచో ఏ దినమైనను పోవలెను.

ఇప్పుడు ఆ మూడు నియమములను దీని ప్రక్కన నుంచి చూడుడు. ఆదివారమున పని మానుట యనగా, ‘నా కాలములో ఒక దినము నాది’ అని గ్రామమునకు చెప్పుట. చచ్చిన పశువు మాంసము మానుట యనగా, అస్పృశ్యతకు హేతువుగా చూపబడుచున్న ఆచారమును తామే త్రోసివేయుట; దానితోపాటు తరతరముల ఆహారపుహక్కును వదలుకొనుట. విగ్రహపూజ మానుట యనగా జాతరలో డప్పు పట్టకుండుట. డప్పు మ్రోగనిదే పోలేరమ్మ కొలువు సాగదు. కొలువు సాగనిదే మశూచి, కలరా వచ్చునని ఊరి భయము. కావున ఒక మాదిగ డప్పు దించుట ఊరందఱిని కలతపెట్టిన పని.

ఫలితము వెంటనే కనబడినది. అనేక గ్రామములలో క్రైస్తవులైన మాదిగలకు పని నిలిపివేయబడినది, మేర ఆపబడినది, బావులకును, దారులకును అడ్డంకులు కలిగినవి, నేరములు మోపి చెరసాలకు పంపించుటయు జరిగినది. ఇవన్నియు కరవునకు పూర్వపు సంగతులు. ఆ దినములలో ఈ విశ్వాసమువలన వారికి తిండి దొరకలేదు. ఉన్న తిండి పోయినది. కరవు వాదము చెప్పువారు ఈ పది సంవత్సరములను లెక్కలోనికి తీసికొనరు.

ఈ నియమములకు మఱియొక విశేషము గలదు. వీనిలో ఏదియు ‘ఇట్లు నమ్ముము’ అని చెప్పదు. ‘ఇట్లు నడువుము’ అని చెప్పును. చదువురానివానికి సిద్ధాంతములు కంఠస్థము చేయించుటకంటె నడతలో గుర్తు నిలుపుట మేలని తలచిరి కాబోలు. మారుమనస్సు అను పదమునకు నేను పైని చెప్పిన అర్థమునకు ఇంతకంటె చక్కని భాష్యము లేదు.

కరవు, కాలువ

1876లో వానలు తప్పినవి. ఒంగోలు నాడు నెల్లూరు మండలము లోనిది. (1904లో గుంటూరు మండలము ఏర్పడినప్పుడు అందు చేరినది, 1970లో ప్రత్యేక మండలమై, 1972లో ప్రకాశము పేరు దాల్చినది.) క్షామము రాజధాని అంతట లక్షలాది ప్రాణములను బలిగొన్నది. సహాయపు పనులలో కూలికి దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించుట ఆనాటి ప్రభుత్వనీతికి ఉదాహరణము.

క్లౌ యౌవనమున అమెరికాలో భూమి సర్వే పని నేర్చినవాడు. ప్రభుత్వము సహాయపు పనిగా త్రవ్వించుచున్న బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ భాగమును ఆయన గుత్తకు తీసికొనెను. వేలమంది అచ్చట గుడిసెలు వేసికొని మన్ను త్రవ్విరి. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నుండిరి. మధ్యాహ్నపు విశ్రాంతివేళలలో వారు కూలివారితో కూర్చుండి బోధించిరి. వేర్వేరు తాలూకాల మాదిగలు ఒక్కచోట కలిసి, నెలల తరబడి ఒకరి మాట ఒకరు వినుట అదివఱకు ఎన్నడును జరుగలేదు. ఉద్యమవ్యాప్తికి కరవు తోడ్పడిన దనుటలో సత్యమున్నచో, అది ఇచ్చట నున్నది. ఆ సత్యమును నేను కాదనను.

ఐనను ఒక ముఖ్యవిషయము గలదు. కాలువపని జరుగుచున్నంత కాలము, సహాయధనము పంచుచున్నంత కాలము క్లౌ ఎవరికిని బాప్తిస్మమీయలేదు. 1877 మార్చి మొదలు 1878 జూన్ వఱకు పదునైదు నెలలు ఈ నిషేధము సాగినది. అడిగినవారు అనేకులు. ఆకలియే ప్రేరకమైనచో ఆ పదునైదు నెలలలో వారు బాప్తిస్మము లేకయే కూలి పొందుచుండిరి గనుక, పని ముగిసిన పిదప దానిని కోరవలసిన అవసరమే లేదు.

వెల్లంపల్లి

1878 జూన్ చివరకు సహాయము ముగిసినది. బోధకులను సమావేశపఱుపదలచి, ఒంగోలునందు మశూచి వ్యాపించియుండుటచే క్లౌ వారిని వెల్లంపల్లికి రమ్మని వ్రాసెను. బోధకులతోపాటు జనసమూహములు వచ్చినవి. ఇక ఇచ్చుటకు తనకడ ధనము లేదని ఆయన వారికి చెప్పెను. తమకు ధనము వలదనియు, కష్టపడి కాలువ త్రవ్వియే కూలి తీసికొంటిమనియు, ఇప్పుడు కోరునది బాప్తిస్మము మాత్రమే యనియు వారు బదులు చెప్పిరి.

వచ్చిన ప్రతివానిని ఆ గ్రామము నెఱిగిన బోధకుడు పరీక్షించెను. జూలై 3న నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కొక్కపరి ఇద్దఱు చొప్పున, అలసినవారి స్థానమున మఱి ఇద్దఱు దిగుచు, ఉదయమునుండి సాయంత్రము వఱకు ఆ పని నడిపిరి. కొండపై ప్రార్థనలో తెలుగువారు ఎట్లు అధికసంఖ్యాకులో, నదిలోని సంస్కారమునందును అట్లే తెలుగువారే కర్తలు.

ఇంతమందిని ఒకేసారి చేర్చుకొనుట తగునా అని అమెరికాలోని బాప్టిస్టులలోనే సందేహములు పుట్టినవి. ఇట్టి సామూహిక పరివర్తనములపై 1933లో వాస్కమ్ పికెట్ ఒక విస్తృత పరిశీలనము ప్రకటించెను. తెలుగు ప్రాంతములను గూడ పరిశీలించిన ఆ గ్రంథమున ప్రేరణల ప్రశ్నకు ముఖ్యస్థానము లభించినది. మనుష్యుని ప్రేరణ ఏనాడును ఏకముఖము కాదు. ఆకలి, గౌరవకాంక్ష, బంధుప్రీతి, దైవచింత ఇవి ఒకే హృదయమున కలిసియుండును. బీదవాని విషయమున మాత్రము మనము ఆకలినొక్కదానినే చూచి, తక్కినవి ధనికునకు విడిచిపెట్టుట న్యాయము కాదు. గౌరవముగా బ్రదుకగోరుట ఆధ్యాత్మికము కాదని చెప్పుటకు మనకు అధికారమెక్కడిది?

అసంపూర్ణత

ఈ నూతనారంభము సంపూర్ణమైనదని నేను చెప్పను. తెలుగు సీమలో బాప్టిస్టు సంఘములందు మాదిగలును, గుంటూరు ప్రాంతపు లూథరను సంఘములందు మాలలును అధికసంఖ్యాకులైరి. ఈ రెండు కులముల నడుమ గల దూరము గుడి విడిచినను చర్చిలో తొలగలేదు. బోధకుల జీతములు, పాఠశాలలు, వైద్యశాలలు విదేశీయ ధనముపై ఆధారపడినవి. గురువుచుట్టు కూడిన చిన్న గుంపు స్థానమున రిజిస్టర్లు, కమిటీలు గల వ్యవస్థ వచ్చినది. దానివలన చదువు వచ్చినది; కాని పేరయ్యవంటి స్వతంత్రాన్వేషకునకు అందు చోటు తగ్గినది.

స్వాతంత్ర్యానంతరము ఇంకొక చిక్కు ఏర్పడినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడినది, క్రైస్తవులకు విస్తరింపబడలేదు. ఆంధ్రదేశమున వారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున చేర్చబడిరి. ఈ గుర్తింపు కోరుచు 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక తీర్మానము చేసినది. మనస్సు మారినను ఊరిలో చోటు మారని వారి స్థితిని ఈ వివాదము నేటికిని సూచించుచున్నది.

అయినను ఫలము లేకపోలేదు. 1870–80 దశకములలో రామపట్నపు వేదాంతపాఠశాలయు, ఒంగోలు పాఠశాలలును చెప్పులు కుట్టువారి బిడ్డలకు అక్షరమునందించినవి. 1880 దశకమున కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల కొత్త కేంద్రములైనవి. ఆ వినుకొండలోనే 1895లో గుఱ్ఱము జాషువ జన్మించెను. యాదవ క్రైస్తవుడైన తండ్రికిని, మాదిగ కులజయైన తల్లికిని పుట్టిన ఆ మహాకవి 1941లో ‘గబ్బిలము’ను వెలువరించెను, ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. జాషువ ప్రతిభకు మిషను కారణమని చెప్పుట అవివేకము. కాని ఊరివెలుపలి గుడిసెలనుండి పద్యము పుట్టుటకు వలసిన అక్షరపు బాట ఆ తరమున పడినదని చెప్పుటలో అతిశయోక్తి లేదు.

క్రొత్త విశ్వాసము పాత తెలుగు రూపములనే ధరించిన దనుటకు క్రైస్తవ కీర్తనలు మఱియొక నిదర్శనము. గంజాము సీమలో బ్రాహ్మణ కుటుంబమున పుట్టి 1833లో క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) రచించిన కీర్తనలు పల్లవి, చరణములతో, రాగతాళ నిర్దేశముతో నేటికిని ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనల’లో గలవు. పేరయ్య గురుశిష్య పద్ధతిని నిలుపుకొనగా, చౌదరి కీర్తన పద్ధతిని నిలుపుకొనెను. కులమున ఎంతటి దూరమున్నను వీరిద్దఱి మార్గము ఒకటే: పోసినది క్రొత్త నీరు, కడవ మాత్రము మన మట్టిదే.

ఉపసంహారము

పై విచారణవలన తేలిన అంశములు ఇవి. ఒంగోలు ఉద్యమము 1878లో పుట్టినది కాదు. 1866లో ఒక తెలుగు తోళ్ళవర్తకుని అన్వేషణముతో ఆరంభమైనది. రాజయోగాది మార్గములు దానికి నేల సిద్ధపఱచినవి. బంధుత్వము దానికి దారియైనది. మూడు నియమములు దానికి వెల నిర్ణయించినవి. ఆ వెలను కరవునకు పూర్వమే వేలమంది చెల్లించిరి. కరవు జనులను ఒకచోట చేర్చినది. నిర్ణయము మాత్రము వారిది.

ఈ రంగమున తెలుగు శాఖల విద్యార్థులు చేయవలసిన పని యెంతయో గలదు. సంఘముల పాత రిజిస్టర్లు, బోధకుల దినచర్యలు, మిషను ముద్రాలయముల కరపత్రములు శిథిలమగుచున్నవి. ఒంగోలు, కనిగిరి, పొదిలి ప్రాంతముల పల్లెలలో పేరయ్యను గూర్చి నేటికిని చెప్పుకొను మాటలున్నచో వానిని తెలుగుననే, చెప్పినవారి మాటలతోనే, సేకరింపవలెను. ఎమ్మా క్లౌ ఆంగ్లమున భద్రపఱచిన ఆ గొంతులకు వారి భాషను తిరిగి చేకూర్చుట మన శాఖలు చేయదగిన పని, మనము తప్ప ఇతరులు చేయజాలని పని.